తలకట్టు ఇచ్చిన కోణం: ఒక లావు తెలుగు టైటిల్ ఫాంట్ తయారీ, వాడకం

ఒక నాటక బృందం ఆ ఏడాది ఆడబోయే నాటకాల పోస్టర్లన్నిటికీ ఒకే తరహా టైటిల్ అక్షరాలు కావాలని అడిగింది. లావుగా ఉండాలి, ఫొటో మీద వేసినా తేలిపోకూడదు, రోడ్డుకి అవతలి వైపు నుంచి చదవగలగాలి, గుండ్రంగా మాత్రం ఉండకూడదు. చివరి షరతు దర్శకుడిది. "సార్, అక్షరం చూడగానే ఏదో గొడవ మొదలవబోతోంది అనిపించాలి" అన్నారాయన. మొదట టైటిళ్ల వరకు చేత్తో గీసి ఇద్దామనుకున్నాం. కానీ టైటిళ్లు చివరి నిమిషంలో మారతాయి, పాత్రల పేర్లు, తేదీలు కూడా అదే అక్షరంలో కావాలంటారు. అందుకని పూర్తి ఫాంటే చేయాలని తేల్చుకున్నాం. పని జరుగుతున్నంత కాలం దాన్ని 'ఉలి' అని పిలుచుకున్నాం, ఇక్కడా అలాగే పిలుస్తాను.

తెలుగులో లావు ఫాంట్లకు కొదవేం లేదు. రామభద్ర ఉంది, బాలూ తమ్ముడు ఉంది. టైటిల్‌కి కావలసిన బరువు రెండిట్లోనూ ఉంది. బాలూ తమ్ముడైతే అంచులు కూడా మెత్తగా, ఒరుసుకోకుండా ఉంటాయి. పిల్లల పుస్తకానికి అంతకన్నా ఏం కావాలి? ఈ బృందం అడిగింది సరిగ్గా దానికి ఎదురు.

వాళ్లు నమూనాగా చూపించినవన్నీ ఇంగ్లిష్ పోస్టర్లు. ఇంగ్లిష్ క్యాపిటల్ అక్షరాల్లో సగం ముందే గీతలతో కట్టినవి: ఎ, ఇ, హెచ్, కె, ఎమ్, డబ్ల్యూ. ఓ, సీ, ఎస్ లాంటి కొన్ని వంపులకు మూలలు తేలిస్తే ఫాంటంతా పదునుగా కనిపిస్తుంది. తెలుగులో ఈ లెక్క తలకిందులు, ఉన్నవన్నీ వంపులే. ప్రతి వంపునీ నాలుగైదు ముక్కలుగా నరికి పలకలు చేశారనుకోండి, ర, ఠ, ద, థ, సున్న అన్నీ ఒకే ఆకారంలోకి వచ్చేస్తాయి. మొత్తం టైటిల్ నట్లు పోసిన డబ్బాలా తయారవుతుంది. టైటిల్ లెటరింగ్‌లో తరచూ కనిపించే 'పదునైన' తెలుగు చాలావరకు ఇలా పుట్టిందే.

కోణం ఎక్కడి నుంచి తేవాలి

తెలుగు అక్షరంలో పుట్టుకతోనే కోణం ఉన్న భాగం ఒకటుంది: తలకట్టు. ఖ, ఙ, జ, ఞ, ట, ణ, బ, ల, ఱ తప్ప మిగతా హల్లులన్నిటి నెత్తినా ఆ టిక్కు ఉంటుంది. ఏ పేరా తీసుకున్నా కంటికి ఎక్కువసార్లు తగిలే గీత అదే. కాబట్టి కోణాన్ని ఇంగ్లిష్ నుంచి అరువు తెచ్చుకోకుండా తలకట్టు నుంచే తీసుకోవాలన్నది ఈ పనిలో మొదటి నిర్ణయం. తర్వాతవన్నీ దాని వెనకే వచ్చాయి.

పేజీ నిండా తలకట్లు గీసి ఒకటి ఎంచుకున్నాను. పొట్టి చెయ్యి దాదాపు నిటారుగా 70 డిగ్రీల వాలులో, పొడవు చెయ్యి 50 డిగ్రీల వాలులో ఉంటాయి. ఇక ఫాంట్‌లో ఏ గీతైనా ఈ రెండు వాలుల్లో ఒకటో, అద్దంలో చూస్తే కనిపించే వాటి రూపమో, లేదంటే అడ్డగీతో అయి ఉండాలి. పూర్తి నిలువు గీత అసలు లేదు. ఇంత కట్టడి ఎందుకంటే, లావు అక్షరాల్లో రెండు మూడు డిగ్రీల తేడా తేడాలా అనిపించదు, చెయ్యి వణికినట్టు అనిపిస్తుంది.

మూలలు ఎక్కడ రావాలన్నది రెండో ప్రశ్న. చేత్తో రాసేటప్పుడు కలం నెమ్మదించి దిక్కు మార్చుకునే చోటే మూల పెట్టాను. ల రాసి చూడండి. ఎడమవైపు చుట్ట దగ్గర ఒకసారి, అడుగున ఒకసారి, కుడివైపు పైకెళ్లి లోపలికి తిరిగేటప్పుడు ఇంకొకసారి చెయ్యి కాస్త ఆగుతుంది. మధ్యలోదంతా ఒకే ఊపు. ఆ ఊపుని ముక్కలు చేస్తే ఎంత పదునుగా గీసినా అది ల అనిపించుకోదు. అందుకే ఉలిలో ల అడుగు పొడవైన ఒకే వాలు గీత, ర అడుగు మాత్రం రెండు వాలుల మధ్య చిన్న అడ్డకోత.

కంప్యూటర్ ముందు కూర్చునే ముందు అక్షరాలను నల్ల కాగితం మీద బ్లేడుతో కోశాను. జర్మన్ టైప్ డిజైనర్ రుడాల్ఫ్ కోహ్ 1923లో నోయ్‌లాండ్ అనే ఫాంట్‌ని కాగితం మీద ముందు బొమ్మ గీసుకోకుండా నేరుగా ఉక్కు పంచ్‌ల (లోహపు అచ్చు అక్షరాలకు మూసలు చేసే కడ్డీల) మీదే చెక్కాడు. జర్మనీలో ఆఫెన్‌బాఖ్ ఊళ్లో ఉన్న క్లింగ్‌స్పోర్ అనే అచ్చు అక్షరాల ఫౌండ్రీ దాన్ని విడుదల చేసింది. ప్రతి సైజూ విడిగా చెక్కినది కావడంతో ఒక సైజులోని అక్షరం ఇంకో సైజులో అచ్చం అలాగే ఉండదు. ఆ మొరటుదనమే దాని బలం. బ్లేడు కూడా వంపు తిరగడానికి ఒప్పుకోదు, తిరగని చోట మనమే నిర్ణయం తీసుకోవాలి. స్క్రీన్ మీద పాయింట్లు లాగుతూ గీసే బెజియే వంపులైతే ఏ నిర్ణయమూ అడగవు, లాగినంత లాగనిస్తాయి. కోసిన కాగితాలు స్కాన్ చేసి, గ్లిఫ్స్ అనే ఫాంట్ తయారీ సాఫ్ట్‌వేర్‌లో 1000 యూనిట్ల (ఫాంట్ లోపలి కొలత) చదరం మీద మళ్లీ గీశాను.

బృందంలో ఒకరు న్యాయమైన సందేహమే లేవనెత్తారు: తెలుగు లిపి గుండ్రటిది కదా, దాన్ని కోణాల్లో పెడితే స్వభావానికి విరుద్ధం కాదా? తాటాకు మీద గంటంతో అడ్డగీత లాగితే ఆకు చీలుతుంది కాబట్టి అక్షరాలు గుండ్రమయ్యాయన్నది అందరూ చెప్పే కారణం. అంతకు ముందు సంగతి వేరు. అశోకుడి బ్రాహ్మిలో బ ఒక చతురస్రం, క ఒక ప్లస్ గుర్తు, గ అంటే పైన కలిసే రెండు వాలు గీతలు. ఎర్రగుడి బండల మీద ఇప్పటికీ ఆ లిపిని చూడొచ్చు. మీటింగులో ఈ వాదన బాగా పనిచేసింది. గీతకి మాత్రం పెద్దగా పనికిరాలేదు, చతురస్రపు బ ఇవాళ ఎవరూ బ అని చదవరు మరి.

లావు ఉండేది లోపలి తెలుపులో

అక్షరం లావుగా కనిపించాలంటే నలుపు పెంచితే చాలనిపిస్తుంది. నలుపు పెంచుతూ పోతే లోపలి తెలుపు చచ్చిపోయి, దూరం నుంచి ర, ఠ, ద అన్నీ మచ్చల్లా మిగులుతాయి. ఉలిలో మామూలు గీత మందం 150 యూనిట్లు. లోపలి తెలుపు దానికి తగ్గకూడదని నియమం పెట్టుకున్నాను. ఝ, ఘ, ఋ లాంటి రద్దీ అక్షరాల్లో ఆ నియమం నిలబడాలంటే గీతనే 120 దాకా సన్నం చేయాల్సి వచ్చింది. పక్కపక్కన పెట్టి కొలిస్తే తేడా తెలుస్తుంది, టైటిల్‌లో చదివేటప్పుడు తెలియదు.

ఇక్కడ ర ని దగ్గరగా చూపిస్తాను, ఎందుకంటే సగం ఫాంట్ దాని మీదే నడిచింది. బయటి గీత ఆరు పలకలు. లోపలి తెల్లభాగం కూడా ఆరు పలకలైతే గీత మందం అంతటా ఒకేలా ఉండి అక్షరం చప్పగా, గొట్టంలా తయారైంది. లోపలి భాగాన్ని నాలుగు పలకలకు తగ్గించి, కాస్త ఎడమకి జరిపితే కుడి భుజం బరువెక్కింది, అడుగు మూలలు నిండాయి, తెలుపు మాత్రం ఒక స్పష్టమైన ఆకారంగా బయటపడింది. బయటి మూలకి ఎదురుగా లోపలి మూల ఉండాలన్న నియమం ఏదీ లేదు. అవి ఒకదానికొకటి తప్పుకుంటేనే అక్షరం చెక్కినట్టు కనిపిస్తుంది.

దీనికి నాటకరంగానికి దగ్గరైన ఆధారమే ఒకటుంది. అమెరికన్ డిజైనర్ డబ్ల్యూ. ఎ. డ్విగ్గిన్స్ తోలుబొమ్మలు కాదుగానీ, తీగలతో ఆడించే కొయ్యబొమ్మలు చెక్కేవాడు. ముఖాన్ని నిజమైన మనిషి ముఖంలా నున్నగా చెక్కితే వెనక వరసలో కూర్చున్నవాళ్లకు అందులో ఏమీ కనపడదు. పలకలు పలకలుగా చెక్కితే ఆ దూరానికి పలకలు కలిసిపోయి ముఖానికి జీవం వస్తుంది. ఈ గమనింపునే ఆయన అక్షరాల డిజైన్‌లోకి తెచ్చాడు. ఈ సంగతి చెప్పాక దర్శకుడు మూలల గురించి ఇంకేమీ అడగలేదు, స్టేజి మేకప్ తెలిసిన మనిషి కదా.

మొనదేలిన అడుగు సమతలపు అడుగుతో ఒకే గీత మీద ఆగితే పొట్టిగా కనిపిస్తుంది. కాబట్టి మొన ఉన్న అక్షరాలన్నీ గీత కిందికి కొద్దిగా దిగుతాయి. రెండు గీతలు కలిసే లోపలి మూలల్లో చిన్న గాట్లు కూడా పెట్టాను. 1978లో మాథ్యూ కార్టర్ ఏటీ అండ్ టీ టెలిఫోన్ డైరెక్టరీల కోసం చేసిన బెల్ సెంటెనియల్ ఫాంట్‌లో ఇలాంటి గాట్లే ఉంటాయి. చవక కాగితం మీద ఇంకు పాకితే గాటు నిండి మూల మూలలా మిగులుతుంది. అక్కడ అవసరం చిన్న సైజు వల్ల వచ్చింది. ఇక్కడ లావు వల్ల వచ్చింది, స్క్రీన్ ప్రింటింగ్‌లో పెద్ద అక్షరాల మూలలు కూడా పూడుకుపోతాయి.

ఒకదానికొకటి పోలిన అక్షరాలు

ఎక్కువ కాలం తిన్నది ఈ భాగమే. తెలుగులో కొన్ని అక్షరాల మధ్య తేడా ఒక చుక్కో, అడుగున ఒక చిన్న నిలువు గీతో: ర–ఠ, డ–ఢ, ద–ధ, చ–ఛ, ప–ఫ. గుండ్రటి ఫాంట్‌లో అయితే వంపు మీద గీత పరాయిదిలా కనిపిస్తుంది కాబట్టి కన్ను పట్టేస్తుంది. అన్నీ గీతలే అయిన ఫాంట్‌లో ఇంకో గీతని ఎవరు గమనిస్తారు?

ఈ చిక్కు 'యుద్ధం' అన్న మాటలో పూర్తిగా బయటపడింది. ద కింద ధ వత్తు. వత్తు సైజులో ఆ చిన్న గీత పలకల్లో కలిసిపోయి, చూసినవాళ్లంతా 'యుద్దం' అని చదివారు. తెలుగు టైటిల్‌లో అంతకన్నా పరువు తక్కువ పని లేదు. పరిష్కారం గీతని పెంచడంలో దొరకలేదు. గీతని అక్షరం నుంచి విడదీసి, మధ్యలో సన్నటి తెల్ల కోత పెట్టి, అడుగుకంటే కిందికి పొడుచుకొచ్చేలా మేకు ఆకారం ఇస్తే తేడా తెలిసింది. అప్పుడు నలుపు బదులు ఆ కోతే కంటికి ఆనవాలు అయింది. ఠ, థ లలో చుక్కని కూడా అదే పద్ధతిలో, లోపలి తెలుపుకి ఎదురు వాలులో నిలబెట్టిన చిన్న పలకగా మార్చాను.

ప, వ ల సంగతి ఇంకో రకం. ప కి తలకట్టు అంటుకోదు, విడిగా ఉంటుంది. వ కి అంటుకుంటుంది. లావు పెరిగే కొద్దీ ఆ సందు మూసుకుపోతుంది. ఉలిలో సందు వెడల్పుని గీత మందంలో మూడో వంతుగా స్థిరం చేశాను. ఘ, ప, ఫ, ష, స, హ ఆరింటికీ అదే కొలత.

మామూలు కొమ్ము తగిలిస్తే వ కాస్తా మ అవుతుంది, ప కాస్తా ఘ లా కనిపిస్తుంది. అందుకే పు, వు, ఫు లకు కొమ్ము కింది నుంచి వేలాడుతుంది. చిన్నప్పుడు గుణింతాల్లో ఊరికే రాసుకుపోయిన విషయం, ఫాంట్ గీసేటప్పుడు పీకల మీదికొస్తుంది. 'పుత్రుడు' తీసుకోండి. పు కొమ్ము కుడివైపు కిందికి దిగుతుంది, పక్కనే త్రు లోని ర వత్తు ఎడమవైపుకి చుట్టుకొస్తుంది. రెండూ సరిగ్గా ఒకేచోట కొట్టుకుంటాయి. సన్న ఫాంట్‌లో పక్కపక్కన సర్దుకుపోతాయి, 150 యూనిట్ల మందంలో సర్దుకోవు. వేలాడే కొమ్ము తర్వాత ర వత్తు వస్తే పొట్టి రూపం దానంతటదే పడేలా సందర్భాన్ని బట్టి మారే నియమం రాశాను.

గుణింతంలో ఇంకో తమాషా ఉంది. ఫాంట్ మొత్తానికి కోణం ఇచ్చిన తలకట్టు, దీర్ఘమో గుడో ఎత్వమో తగలగానే మాయమైపోతుంది. కా, కి, కె, కొ లలో తలకట్టు లేదు. అంటే 'తిరిగి', 'వీధి' లాంటి మాటల్లో ఆ టిక్కు ఒక్కటి కూడా ఉండదు. ఆ వాలుని గుడి మోయాల్సిందే. అందుకని గుడి గుండ్రాన్ని కుడివైపు 50 డిగ్రీల పొడవు పలక, ఎడమవైపు 70 డిగ్రీల పొట్టి పలకగా కట్టాను. తలకట్టు లేని మాట కూడా అదే ఇంటి పేరుతో కనిపించాలి కదా. గుడి దీర్ఘానికి చివర మెలికని కుడివైపు బయటికి పంపేశాను, అక్షరం నీడ చూసినా 'విడు', 'వీడు' వేరని తెలియాలని.

సాఫ్ట్‌వేర్ గురించి కొంచెం

కంప్యూటర్లలో అక్షరాలకు నంబర్లిచ్చే యూనికోడ్‌లో తెలుగు బ్లాకుకి 128 స్థానాలే ఉన్నాయి. గీయాల్సిన రూపాలు దానికి ఎన్నో రెట్లు. హల్లులు, గుణింతాలు, వత్తులు ఎలా అతుక్కోవాలో ఫాంట్ లోపలే ఓపెన్‌టైప్ నియమాలుగా రాసి, ఆ నియమాల ప్రకారం అక్షరాలు కూర్చే హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్‌తో ప్రతి కూడికనీ పరీక్షించుకోవాలి. అంతా సరిగ్గా ఉన్నా పోస్టర్ చేసేవాళ్ల దగ్గర అక్షరాలు విడిపోయి 'పాడైన ఫాంట్' అని ఫోన్ వస్తుంది. చాలాసార్లు ఫాంట్ తప్పు ఉండదు. ఇన్‌డిజైన్‌లో వరల్డ్-రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్, ఫొటోషాప్‌లో వరల్డ్-రెడీ లేఔట్ ఎంచుకుంటే వత్తులు వాటి చోట్లకు వచ్చేస్తాయి. యూనికోడ్ కాని పాత కీబోర్డులకు అలవాటుపడిన డీటీపీ వాళ్లకు ఈ వివరం ఫాంట్‌తో పాటే ఒక పేజీ రాసి ఇవ్వడం మంచిది, లేకపోతే ఆ టెన్షన్ ప్రింటింగ్ రోజున మన నెత్తికొస్తుంది.

పోస్టర్ మీదికి వచ్చాక

ఉలి రెండు మూడు మాటలకు బాగుంటుంది. నాలుగో మాటకి అలుపొస్తుంది. వాక్యం పెడితే చదవడం మానేస్తారు. నటుల పేర్లు కూడా ఇందులోనే కావాలని బృందం పట్టుబట్టింది. ఒక పోస్టర్ అలా వేసి గోడ మీద అతికించి చూపించాక వాళ్లే వద్దన్నారు. పేర్లకు మండలి అనే ఫాంట్ వాడాం. సన్నగా, నిదానంగా ఉండే అక్షరం పక్కన ఉంటేనే ఈ లావుకి విలువ.

లైన్ల మధ్య ఖాళీ మీద ఎక్కువ వాదన జరిగింది. ఇంగ్లిష్ పోస్టర్లలో రెండు లైన్లని రాసుకుపోయేంత దగ్గరగా పెడతారు, వీళ్లకీ అదే కావాలి. పై లైన్‌లో 'స్వాతంత్ర్యం' ఉండి కింది లైన్‌లో గుడులు ఉంటే ఎలా దగ్గరవుతాయి? లైన్ నుంచి లైన్‌కి దూరం అక్షరం సైజుకి ఒకటిన్నర రెట్లు ఉండేలా ఫాంట్‌లోనే పెట్టాను. పై లైన్‌లో వత్తులు లేకపోతే 1.1 దాకా తగ్గించొచ్చు. జంట వత్తులు ఉంటే ముట్టుకోవద్దు. ఒక పోస్టర్‌లో మాత్రం వత్తు కిందికి దిగే చోటుకి సరిగ్గా కింది లైన్‌లో మాటకీ మాటకీ మధ్య ఖాళీ వచ్చేలా మాటలను జరిపాం. రెండు లైన్లు పళ్ల చక్రాల్లా కలిశాయి. అది ఫాంట్ చేసే పని కాదు, కూర్చుని చేత్తో చేయాల్సిందే.

చుట్టూ అవుట్‌లైన్, నీడ, మెటల్ మెరుపు పెట్టొద్దని గట్టిగా చెప్పాను. అవుట్‌లైన్ ముందుగా మింగేది వత్తులోని తెల్ల కోతనే, అది పోతే 'యుద్ధం' మళ్లీ మొదటికొస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో బోల్డ్ బటన్ నొక్కినా అదే గతి, ఇప్పటికే లావైనదాన్ని ఇంకా ఉబ్బిస్తుంది. అక్షరాల మధ్య ఖాళీ మాత్రం కొద్దిగా తగ్గించొచ్చు. వాలు గీతల మధ్య ఏర్పడే ముక్కోణపు తెలుపు పెద్ద సైజులో పెరిగి కనిపిస్తుంది.

నన్ను చివరిదాకా ఇబ్బంది పెట్టింది గీత కాదు, గీతకు అంటుకునే అర్థం. కోహ్ ఫాంట్‌ని తర్వాతివాళ్లు అడవి, ఆఫ్రికా అనగానే వాడే గుర్తుగా మార్చేశారు. ఆయన ఉద్దేశంతో దానికి ఏ సంబంధమూ లేదు. మన దగ్గర కోణాల అక్షరం అనగానే కత్తులు, నెత్తురు. ఉలి ఆ ఒక్క పనికే పరిమితమైతే ఈ బృందానికి పనికిరాదు, వాళ్లు హాస్య నాటకాలూ ఆడతారు. అందుకని ప్రతి దశలోనూ 'వెన్నెల', 'అమ్మ' అని రాసి చూసుకున్నాను. మొదట్లో 'వెన్నెల' బెదిరింపులా ఉంది. న వత్తు చివర మొనని కోసి చదును చేసి, ఎత్వం వాలుని కాస్త పొడిగించాక, గట్టి గొంతున్న మనిషి మెల్లగా మాట్లాడినట్టు కుదిరింది. ఎరుపు, నలుపు వదిలేసి లేత పసుపు మీద ముదురు ఆకుపచ్చలో వేసిన హాస్య నాటకం పోస్టర్ నాకు మిగతా అన్నిటికన్నా నచ్చింది. దర్శకుడికి మాత్రం ఎరుపు పోస్టరే ఇష్టం.

ఇప్పుడు ఇంకో బరువు గీస్తున్నాను, కొద్దిగా సన్నది, కరపత్రాల హెడ్డింగుల కోసం. మందం 150 నుంచి 105కి తగ్గగానే పలకలు మరీ విడివిడిగా కనిపిస్తున్నాయి. అక్కడ ర లోపలి తెలుపుకి నాలుగు పలకలు చాలట్లేదు. ణ అయితే రెండు బరువుల్లోనూ మొండికేస్తోంది. దాని మూడు వంపుల్లో ఏది ఊపు, ఏది మలుపు అన్నది ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు, పది మంది చేతిరాతలు ముందేసుకుని దాన్ని తేల్చాలి.